ఆరు కట్టల ఇరవై-ఇరవై వేశాక మిరపకి ఇంకేం వేయాలి?

ప్రశ్న: అన్నా, మాది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. ఈ ఏడే ఉద్యోగం మానేసి వచ్చి రెండెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేశాను. నల్లరేగడి నేల, బోరు ఉంది. సెప్టెంబరు మొదటి వారంలో తేజ రకం మిరప నాటాం, ఇప్పుడు 45 రోజుల తోట. ఆఖరి దుక్కిలో ఎకరాకి మూడు కట్టలు 20-20-0-13 వేశాం, 25 రోజులకి మళ్లీ మూడు కట్టలు, 35 రోజులప్పుడు రెండు కట్టల యూరియా. హ్యూమిక్ యాసిడ్ కూడా పోశాం. చేను నల్లగా బాగానే పెరిగింది కానీ చిగుళ్లు పైకి ముడుచుకుంటున్నాయి, వచ్చిన కాస్త పూత రాలిపోతోంది. పోషకాలు చాలడం లేదు, ఈసారి 28-28 ఎరువు వేసి ఈ పోషకాల మిశ్రమం డబ్బా కూడా కొట్టు అంటున్నాడు షాపాయన. పక్క చేనాయన డీఏపీ అంటాడు. యూట్యూబులో 14-35-14 అంటున్నారు. వీటిలో ఏది మంచిది? ఇంకోటి, హైదరాబాదులో మా అక్క డాబా మీద నాలుగు కుండీల్లో మిరప పెంచుతోంది, దానికేం వేయాలో కూడా చెప్పండి.

సమాధానం: తమ్ముడూ, ఈ వారం నేలకి ఏమీ వేయకు. 28-28 వద్దు, డీఏపీ వద్దు, 14-35-14 అసలే వద్దు. ఆ డబ్బా ఇంకా కొనకపోతే కొనకు. కొనేసి ఉంటే మూత తీయకుండా తిరిగి ఇచ్చేయడానికి చూడు, మొహమాటపడకు. నీ తోటకి ఆకలి లేదు. అజీర్తి చేసింది.

ఎందుకంటున్నానో లెక్క చూపిస్తాను, కాగితం తీసుకుని నాతో పాటు వేసుకో. కట్ట మీద మూడు అంకెలుంటాయి కదా, మొదటిది నత్రజని, రెండోది భాస్వరం, మూడోది పొటాష్. నూరు కిలోల్లో ఒక్కోటి ఎన్ని కిలోలు ఉందో ఆ అంకె చెబుతుంది, అంతే. నీ 20-20-0-13లో చివరి 13 గంధకం. ఎకరాకి ఆరు కట్టలంటే 300 కిలోలు, అంటే 60 కిలోల నత్రజని, 60 కిలోల భాస్వరం, 39 కిలోల గంధకం, పొటాష్ సున్నా. దాని మీద రెండు కట్టల యూరియా. ఇప్పుడు కట్ట 45 కిలోలే కాబట్టి 90 కిలోలు, అందులో 46 శాతం నత్రజని, అంటే ఇంకో 41 కిలోలు. మొత్తం 101 కిలోల నత్రజని, 60 భాస్వరం, పొటాష్ గుండు సున్నా.

మన దగ్గర నీటి వసతి ఉన్న మిరపకి సిఫారసు ఎకరాకి 120 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం, 48 కిలోల పొటాష్. అదీ పంట కాలం మొత్తానికి, నారు నాటిన దగ్గర్నుంచి ఫిబ్రవరి, మార్చిలో ఆఖరి కోత దాకా. నువ్వేమో ఆరేడు నెలల పైరుకి పెట్టాల్సిన నత్రజనిలో ఆరింట ఐదొంతులు నెలన్నరలోనే పెట్టేశావు, భాస్వరం రెండున్నర రెట్లు వేశావు, పొటాష్ ఒక్క గింజ కూడా వేయలేదు. ఇప్పుడు 28-28-0 వేస్తే ఏమవుతుందో నువ్వే చెప్పు. అందులోనూ మూడో అంకె సున్నాయే.

ఇరవై-ఇరవై చెడ్డదని కాదు సుమా. గంధకం ఉంది కాబట్టి మిరపకి పనికొచ్చే ఎరువే, దుక్కిలో ఎకరాకి రెండు కట్టలు వేసి ఆపేసి ఉంటే నేను నిన్ను మెచ్చుకునేవాణ్ణి. ఒకే ఎరువుని అన్ని దఫాలకీ అదే అదే వేయడం దగ్గర వచ్చింది తేడా. భాస్వరం నేలలో పెద్దగా కదలదు, వేర్లు ఉన్న చోట ముందే ఉండాలి, అందుకే మొత్తం దుక్కిలోనే వేసేయమంటారు. నిలబడి ఉన్న తోటలో పైపైన చల్లితే చాలా వరకు పైనే పడి ఉంటుంది, పైగా మన నల్లరేగడిలో సున్నం ఎక్కువ కాబట్టి దాన్ని పట్టేసుకుంటుంది. ఏళ్ల తరబడి ఇలాంటి కాంప్లెక్స్ ఎరువులు పోసిన మిరప నేలల్ని పరీక్ష చేయిస్తే భాస్వరం దగ్గర ‘ఎక్కువ’ అని రావడం మామూలే. ఎక్కువైతే మొక్క జింకుని సరిగా తీసుకోలేదు. అప్పుడు ఆకులు చిన్నవై పాలిపోతాయి, మళ్లీ షాపుకి పోతాం, ఆయన మైక్రోన్యూట్రియెంట్ ప్యాకెట్ ఇస్తాడు. భాస్వరానికి ఒకసారి, అది చేసిన చెరుపుకి ఇంకోసారి డబ్బులు కడతాం.

డబ్బు సంగతి కూడా చూద్దాం. డీఏపీ కట్ట 1,350 రూపాయలు, అందులో 23 కిలోల భాస్వరం, 9 కిలోల నత్రజని. నత్రజనికి యూరియా ధర కట్టి తీసేస్తే భాస్వరం కిలో 54 రూపాయల దాకా పడుతుంది. నువ్వు ఎకరాకి 36 కిలోలు ఎక్కువ వేశావు. రెండెకరాలకి నాలుగు వేలకి దగ్గర. యూరియా కట్ట 266 రూపాయల 50 పైసలే కాబట్టి దాని విషయంలో ఎవరికీ నొప్పి తెలియదు, చౌక కదా అని ఇంకో కట్ట విసిరేస్తాం. ఆ విసిరిన కట్టకి అసలు బిల్లు పురుగుమందుల షాపులో కడతాం.

ఇక ముడత సంగతి. నీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే కంగారు పెట్టిన మాట ఇదే, ఎరువు తర్వాత. చిగురాకు అంచులు పైకి లేచి పడవలా అయితే అది పైముడత, తామర పురుగుల పని. కిందికి ముడుచుకుని తిరగేసిన పడవలా అయ్యి, కాడలు సాగితే కింది ముడత, నల్లి పని. మొక్క గిడసబారిపోయి, ఆకులు చిన్నవై, పసుపు తిరిగి, ఈనెలు దళసరిగా కనబడితే జెమిని వైరస్ అనుకో, దాన్ని తెల్లదోమ అంటిస్తుంది. ఈ మూడింటిలో ఒక్కటి కూడా ఎరువు వేస్తే పోయేది కాదు. ముడతని పోషక లోపం అని చెప్పి డబ్బా అమ్మడం మిరప ప్రాంతంలో పాత అలవాటు. వైరస్ పట్టిన మొక్క కనబడితే పీకి తగలబెట్టు, దానికి ఏ టానిక్కూ లేదు.

రేపు పొద్దున తోటలోకి వెళ్లి తెల్ల కాగితం ఒకటి పట్టుకో. పదిచోట్ల ఆగి, ఒక్కో చోట నాలుగైదు పూలు కాగితం మీద దులుపు. సన్నగా నల్లగా ఈకముక్కల్లాంటివి పరుగెత్తితే అవి నల్ల తామర పురుగులు. 2021లో మన రెండు రాష్ట్రాల మిరపనీ తుడిచిపెట్టింది ఇవే, పాత తామర పురుగులా ఆకుతో సరిపెట్టుకోకుండా పూలలోనే కాపురం పెడతాయి. నీ పూత రాలడానికి ఇది కారణం కావచ్చు. నత్రజని ఎక్కువై ఆకు మెత్తగా, రసంగా ఉన్న తోట అంటే వీటికి పెళ్లి భోజనం, నువ్వు విస్తరి వేసి పిలిచావు. ఎకరాకి ముప్పై దాకా నీలం రంగు జిగురు అట్టలు పెట్టు, వేపనూనె 1500 పీపీఎం రకం లీటరుకి 5 మిల్లీలీటర్లు కలిపి సాయంత్రం పూట కొట్టు. మరీ ఎక్కువగా ఉంటే ఏ మందు కొట్టాలో గుంటూరు దగ్గర లాం ఉద్యాన పరిశోధనా స్థానం వాళ్లని అడుగు, మిరప మీద దశాబ్దాలుగా పని చేస్తున్నది వాళ్లే, నీకు గంటన్నర ప్రయాణం కూడా ఉండదు. వెళ్లలేకపోతే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి ఫోన్ చెయ్, తెలుగులోనే మాట్లాడతారు. సింథటిక్ పైరిథ్రాయిడ్ రకం పురుగుమందులు మాత్రం చౌక అని కొట్టొద్దు, వాటి తర్వాత నల్లి విజృంభిస్తుంది.

నా కథ ఒకటి చెప్పనా. నేను మిరప వేసిన మొదటి ఏడు ఇదే చేశాను, నీకంటే ఘోరంగా. నవంబరులో నా తోట చూసి దారిన పోయేవాళ్లు ఆగి ఆకు పట్టుకుని చూసేవాళ్లు, అంత నలుపు, అంత బొద్దు. నాకు గర్వంగా ఉండేది, ఇంకో కట్ట యూరియా వేశాను. జనవరిలో కల్లంలో పోసి చూస్తే కాయ పలచన, రంగు లేదు, తాలు కాయలు ఏరడానికే కూలీ ఖర్చు తడిసి మోపెడైంది. పక్కాయన తోట నా తోటంత పచ్చగా ఎప్పుడూ లేదు, ఆయనకి నాకంటే టిక్కీలు, అంటే మిరప బస్తాలు, ఎక్కువ వచ్చాయి, మిర్చి యార్డులో ధరా ఎక్కువ పలికింది. అప్పుడు ఆయన అన్న మాట, “నువ్వు ఆకు పండించావురా, ఆకుకి యార్డులో రేటు లేదు.” ఇన్నేళ్లయినా ఆ మాట మర్చిపోలేదు.

కాయకి రంగు, బరువు, ఘాటు నిలవాలంటే పొటాష్ కావాలి, అది నువ్వు వేయలేదు. నేలకి ఏమీ వేయొద్దన్నది ఈ వారం మాటే, వచ్చే వారం నుంచి నువ్వు వేయాల్సింది ఇదే. మామూలు ఎర్ర పొటాష్, అంటే ఎంఓపీలో 60 శాతం ఉంటుంది, 48 కిలోలు రావాలంటే ఎకరాకి 80 కిలోలు. ఒకేసారి పోయకు. వచ్చే వారం 20 కిలోలు, తర్వాత నెలకోసారి చొప్పున 20 కిలోలు, ఇంకో మూడు దఫాలు. తెల్ల పొటాష్, అదే ఎస్ఓపీ, 50 శాతమే ఉంటుంది, గంధకం అదనం, క్లోరిన్ ఉండదు. ధర మాత్రం గూబ గుయ్యిమనిపిస్తుంది. నీ బోరు నీళ్లు ఉప్పగా ఉండి, బోదెల గట్ల మీద తెల్లగా పొర కడుతుంటే ఎస్ఓపీ పెట్టు, అక్కడ ఎంఓపీ వేస్తే ఉప్పు మీద ఉప్పు. నీళ్లు బాగుంటే ఎర్ర పొటాష్‌కి వంక పెట్టాల్సిన పని లేదు. నీళ్ల పరీక్ష మట్టి పరీక్షతో పాటే చేస్తారు, ఒక సీసాలో పట్టుకెళ్లు.

నత్రజనికి మిగిలింది ఎకరాకి 19 కిలోలు, యూరియాలో చెప్పాలంటే ఒక్క కట్ట కూడా పట్టదు. ఇప్పటి నుంచి నెల రోజులు యూరియా జోలికి పోకు. 80 రోజులప్పుడు పొటాష్‌తో కలిపి 20 కిలోల యూరియా, 110 రోజులప్పుడు ఇంకో 20. మొదటి కోత అయ్యాక ముదురాకులు పాలిపోతే మాత్రం, లెక్క దాటినా సరే, ఇంకో 20 కిలోలు వేసుకో. నల్లరేగడిలో వానలకి కొంత నత్రజని పోతుంది, పుస్తకంలో అంకెకి తోట కట్టుబడి ఉండదు. చల్లేటప్పుడు మొక్క మొదలు దగ్గర పోయొద్దు, మొక్కకి నాలుగు అంగుళాల దూరంలో వేసి మట్టి కప్పు, నేలలో పదును ఉండాలి. పైన అలా వదిలేస్తే యూరియాలో కొంత గాలికే.

పైన కొట్టే వాటి గురించి నువ్వు అడగలేదు కానీ అడుగుతావు. 13-0-45 అని దొరుకుతుంది, పొటాషియం నైట్రేట్, పూత పిందె మీద లీటరుకి 10 గ్రాములు కొడితే మంచిదే. కానీ ఎకరాకి 200 లీటర్లు కొట్టినా రెండు కిలోల మందు, అందులో పొటాష్ కిలో కూడా రాదు. మన లెక్క 48 కిలోలు. పైన కొట్టేది ఆసరాయే తప్ప తిండి కాదు. అది నిజంగా అక్కరకొచ్చేది ఎప్పుడంటే, తుపాను పట్టి నాలుగు రోజులు తోటలో నీళ్లు నిలబడి వేర్లు ఊపిరాడక పనిచేయనప్పుడు. ఇప్పుడు తుపాన్ల రోజులే కదా, ముందు బోదెల చివర్లు తెంపి నీళ్లు బయటికి పోయే దారి చెయ్, తర్వాతే స్ప్రేయరు. హ్యూమిక్ అంటావా, అది ఎరువు కాదు. నేల చచ్చిపోయి ఉంటే కాస్త కదిలిస్తుందేమో, పశువుల ఎరువు తోలిన నేలకి దాని అవసరమే తక్కువ.

మరి నిజంగా లోపం ఉంటే ఎలా తెలుస్తుందంటే, ముందు చూడాల్సింది రంగు కాదు, ఏ ఆకు అనేది. ముదురాకులు మొత్తంగా పాలిపోతే నత్రజని. ముదురాకుల అంచులు మాడినట్టు ఎండుతుంటే పొటాష్. ముదురాకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య పసుపెక్కితే మెగ్నీషియం, లీటరుకి 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేటు. అదే పసుపు లేత చిగుళ్లలో వస్తే ఇనుము, మన సున్నపు నేలల్లో ఎక్కువ, అన్నభేది (ఫెర్రస్ సల్ఫేటు) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు ఒక గ్రాము లీటరు నీటికి కలిపి వారం తేడాతో రెండుసార్లు కొడితే పచ్చబడుతుంది. ఇవన్నీ విడివిడిగా తక్కువ డబ్బుల్లో తేలే పనులు, వెయ్యి రూపాయల మిశ్రమం డబ్బా ఎందుకు? నువ్వు రాసినదాంట్లో ఈ గుర్తులు ఒక్కటీ లేవు.

పూత రాలడం గురించి ఇంకొక్క మాట. తామర పురుగు లేదని తేలితే, నత్రజని పొగరు వల్లే రాలుతోందనుకో, పది పదిహేను రోజులు యూరియా మానేసి, నీళ్లు మరీ ఎక్కువ పెట్టకుండా ఉంటే దానంతట అదే సర్దుకుంటుంది. అప్పటికీ రాలుతుంటే ప్లానోఫిక్స్ 4.5 లీటర్లకి ఒక్క మిల్లీలీటరు, ఎక్కువ వేస్తే ఎక్కువ నిలుస్తుందని మాత్రం అనుకోకు, అది హార్మోను, మోతాదు దాటితే రివర్స్ కొడుతుంది.

షాపాయన మీద నాకు కోపం లేదు. ఆయన దగ్గర అప్పు మీద తెచ్చుకుంటున్నావని రాయలేదు కానీ కౌలు రైతువి, తెచ్చుకునే ఉంటావు. అప్పిచ్చినవాడి చేతిలోనే ఎరువు ఎంపిక ఉంటుంది, ఇది నీ ఒక్కడి బాధ కాదు. యూరియా కావాలంటే ఈ డబ్బా తీసుకోవాలి అని లింకు పెట్టడం చట్ట ప్రకారం తప్పే, అయినా సీజన్లో జరుగుతూనే ఉంటుంది. నేను చెప్పేది ఒకటే, షాపుకి ‘ఏం వేయాలి’ అని వెళ్లకు, ‘ఎంఓపీ 40 కిలోలు’ అని చీటీ రాసుకుని వెళ్లు. రోగం చెప్పి మందు అడిగితే ఆయన డాక్టరవుతాడు, చీటీ ఇస్తే కిరాణా కొట్టు అవుతాడు. బిల్లు మాత్రం తప్పకుండా తీసుకో, రేపు ఏదైనా తేడా వస్తే ఆ కాగితమే నీ నోరు.

వచ్చే ఏడు ఇదే నేల ఉంచుకుంటే మే నెలలో, ఏమీ వేయకముందే, మట్టి పరీక్ష చేయించు. ఎకరాకి ఎనిమిది పది చోట్ల, గట్ల దగ్గర, చెట్ల కింద, పెంటకుప్పలు పోసిన చోట కాకుండా, జానెడు లోతు ‘వి’ ఆకారంలో గొయ్యి తీసి, దాని గోడ నుంచి పై నుంచి కింది దాకా పలచటి పొర చెక్కు. అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు పారేస్తూ పోతే చివరికి అరకిలో మిగులుతుంది, అది ఇవ్వు. భాస్వరం ఎక్కువ అని వస్తే ఆ ఏడు సగానికి కోసేయ్. మామూలుగా వస్తే దుక్కిలో సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ మూడు కట్టలు చాలు, 150 కిలోల్లో సరిగ్గా 24 కిలోల భాస్వరం వస్తుంది, గంధకం, కాల్షియం ఉచితం. రూపం బాగుండదు, బూడిదలా ఉంటుంది, అందుకే దాన్ని ఎవరూ పొగడరు. జూన్‌లో జనుమో పిల్లిపెసరో చల్లి పూత మీద కలియదున్నితే, పశువుల ఎరువు ట్రక్కులు దొరక్క నువ్వు పడే తిప్పలు సగం తగ్గుతాయి. దొరికిన కొద్దిపాటి పశువుల ఎరువులో, 90 కిలోలకి 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి గోనెపట్టా కప్పి పది రోజులు నీళ్లు చిలకరిస్తూ మాగబెట్టి సాళ్లలో వేస్తే వేరుకుళ్లు, ఎండు తెగులుకి కూడా కాపలా.

ఇక అక్క కుండీలు. తనకి ఈ కట్టల గొడవేమీ లేదు, కానీ నీలాంటి పొరపాటే చేసే అవకాశం ఎక్కువ, ఎందుకంటే కుండీలో మట్టి కొద్దిగానే ఉంటుంది, ఎరువు కాస్త ఎక్కువైనా నేరుగా వేర్లకే తగులుతుంది. చిటికెడు యూరియా అని గుప్పెడు వేస్తే రెండో రోజుకి మొక్క మాడిపోతుంది, యూరియా ఇంట్లోకే రానివ్వొద్దను. కనీసం అడుగు లోతు కుండీ, మట్టి, వర్మీకంపోస్టు, కొబ్బరిపొట్టు సమానంగా, అందులో గుప్పెడు వేపపిండి. నెలకోసారి రెండు గుప్పిళ్ల వర్మీకంపోస్టు పైన వేసి కలపాలి. పూత వచ్చే దాకా పదిహేను రోజులకోసారి 19-19-19 లీటరు నీటికి 2 గ్రాములు, పూత మొదలయ్యాక దాని బదులు 13-0-45 అదే మోతాదులో. కోడిగుడ్డు పెంకులు వేస్తున్నానంటే వేసుకోనీ, నష్టం లేదు, అవి కరిగి మొక్కకి అందేసరికి ఆ మొక్క కాపు అయిపోతుంది. రోజుకి ఆరు గంటల ఎండ తగలాలి. ఏప్రిల్, మే నెలల్లో డాబా వేడికి పూత ఎలాగూ నిలవదు, అప్పుడు కంగారుపడి ఎరువు పెంచొద్దని చెప్పు, కుండీలు తెల్లారి ఎండ తగిలే గోడ వైపు జరిపి పైన షేడ్ నెట్ కట్టుకోమను.